సుద్ద కలిపిన చెయ్యి

ఆవిడని అందరూ జల్లెడమ్మ అనేవారు. ఇంట్లోకి వచ్చే పిండి దగ్గర్నించి చెవిన పడే మాట దాకా ఏదీ జల్లించకుండా లోపలికి పోనివ్వదని మొదట ఆ పేరు పెట్టింది ఆవిడ మొగుడే. ఆయన సరదాకి అన్నాడు. తర్వాత ఫీడ్ మిల్లులో ఆవిడకి దొరికిన పని నిజంగానే జల్లెడ పట్టడం కావడంతో ఆ పేరు ఒంటికి అతుక్కుపోయింది. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే పోయారు. ఇప్పుడు ఆవిడా పోయింది. చివరిదాకా ఆ గోళ్ళ సందుల్లో బూడిదరంగు పొడి ఉండేది. ఎంత తోమినా పోయేది కాదు, తోమేంత తీరికా ఆవిడకి ఉండేది కాదు.

మొగుణ్ణి ఈలాయన అనేవారు. బ్రాయిలర్ కోళ్ళు పెంచేవాడు. షెడ్డు గుమ్మంలో నిలబడి సన్నగా ఓ ఈల వేసి, లోపల పిల్లలు తలలెత్తాకే అడుగు పెట్టేవాడు. మనిషి చప్పుడు లేకుండా వస్తే కోడిపిల్లలు బెదిరి ఒక మూలకి ఎగబడతాయి, ఒకదాని కింద ఒకటి పడి నలిగిపోతాయి. అందుకని ఈల. కానీ అలవాటు ముదిరి సొంత ఇంట్లోకి వచ్చేటప్పుడు కూడా ఈల వేసేవాడు.

"నేనేం కోడిపిల్లనా, బెదిరిపోవడానికి?" అనేది జల్లెడమ్మ.

"నువ్వు కాదే, నేను. లోపల నువ్వే మూడ్‌లో ఉన్నావో తెలుసుకుని రావాలి కదా."

నోట్లో నాలుక లేని మనిషని లోకం అనుకునేది. ఇంట్లో పెళ్ళాం దగ్గర మాత్రం ఆ నాలుక బాగానే ఆడేది.

కోడిపిల్లల్నీ దాణానీ ఇచ్చేది ఆయన పెదనాన్న కొడుకు. ఫీడ్ మిల్లు ఆయనదే కాబట్టి మిల్లాయన. చుట్టుపక్కల కోళ్ళు పెంచేవాళ్ళందరికీ పిల్లలు ఆయనే ఇస్తాడు, దాణా ఆయనే పంపిస్తాడు, పెరిగాక ఆయనే పట్టుకెళ్తాడు. ఆయన కాదంటే షెడ్డు ఖాళీ. ఈలాయన ఆయన్ని అన్నయ్యా అని పిలిచేవాడు, ఆ పిలుపులో భయం కంటే ప్రేమే ఎక్కువ. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే దుప్పటి కింద పడుకున్నవాళ్ళు.

ఆ ఏడాది వచ్చిన బ్యాచ్ మొదట్లో బాగానే ఉంది. ఈకలు సగం సగం మొలిచే వయసుకి వచ్చేసరికి కొన్ని పిల్లలు నడవడం మానేసి కూర్చోసాగాయి. మోకీలు ఉబ్బిపోవడం, వెనక నరం పక్కకి జారిపోవడం, పాదం బయటికి తిరిగిపోవడం. లేవబోయి చతికిలబడేవి. దాణా తొట్టి అడుగు దూరంలో ఉన్నా దాని దాకా వెళ్ళలేక, మెడ మాత్రం అటు చాచేవి. ఈలాయన ఒక్కోదాన్నీ ఎత్తి తొట్టి దగ్గర కూర్చోబెట్టేవాడు. పొద్దున్న ఎన్ని కూర్చోబెట్టాడో సాయంత్రానికి అంతకంటే ఎక్కువ పడి ఉండేవి.

"దాణాలో ఏదో తేడా ఉందే," అన్నాడు పెళ్ళాంతో. "అన్నయ్యని అడుగుతాను."

"అడగడం కాదు, నిలదీయండి."

"సొంత అన్నయ్యని నిలదీస్తారా ఎవరన్నా?"

అడిగాడు. అందుకు మిల్లాయన ఒక్కడే రాలేదు. కోళ్ళు పెంచే మరో నలుగురైదుగురిని వెంటబెట్టుకుని మరీ వచ్చాడు. వాళ్ళలో మీసాలాయన ఒకడు. మీసం మీద దుమ్ము పడిందని మాటిమాటికీ తుడుచుకునే పెద్దమనిషి. మిల్లాయన షెడ్డులోకి నడిచి, నేల మీద పరిచిన ఊకని బూటు కాలితో ఓసారి గీకాడు.

"ఏరా, ఇదేనా నువ్వు పెంచడం? ఊక తడిపేసి పెట్టుకుని నా దాణా మీద పడి ఏడుస్తావేంట్రా?"

"తడి లేదన్నయ్యా. చూడు."

ఈలాయన వంగి గుప్పెడు ఊక తీశాడు. కోళ్ళు పెంచే ప్రతివాడికీ తెలిసిన పరీక్ష అది. గుప్పిట గట్టిగా పిండి, తెరవాలి. ఊక ముద్ద కట్టి ఉంటే తడి, జారిపోతే పొడి. ఆయన పిండాడు. అరచెయ్యి తెరిచి అన్నయ్య ముఖం ముందు పెట్టాడు. ఊక వేళ్ళ సందుల్లోంచి జలజలా రాలిపోయింది.

మిల్లాయన ఆ చెయ్యి వైపు చూడలేదు. కప్పు వైపు చూశాడు. "నేను చూడక్కర్లేదు, కంపే చెప్తోంది. చేతకాకపోతే మానెయ్యి. నోరులేని వాటిని చంపకు."

మిగతావాళ్ళు చూశారు. రాలిన ఊకని అందరూ చూశారు. రేపు వాళ్ళ షెడ్లకి పిల్లలు రావాలి. మీసాలాయన మీసం తుడుచుకున్నాడు.

గుమ్మంలో నీళ్ళ బకెట్టుతో నిలబడి జల్లెడమ్మ ఇదంతా చూసింది. మొగుడి చెయ్యి ఇంకా తెరిచే ఉంది. ఏమీ లేని ఆ అరచేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, చివరికి ఆయన దాన్ని తన చొక్కాకే తుడుచుకున్నాడు.

ఆ తర్వాత ఆ షెడ్డుకి పిల్లలు రాలేదు. చేతకానివాడన్న పేరు మాత్రం ఇల్లిల్లూ తిరిగి వచ్చింది. ఈలాయన ఖాళీ షెడ్డులోకి రోజూ వెళ్ళేవాడు. ఈల వెయ్యడం మానేశాడు. లోపల బెదిరేవి ఏవీ లేవు కదా. ఊక తిరగేసేవాడు, గుప్పెడు తీసి పిండేవాడు, వదిలేసేవాడు. ఓ రోజు మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే పలకలేదు. వెళ్ళి చూస్తే మూల గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు, పక్కన ఊక తిరగేసే కర్ర. గుండె ఆగిందన్నారు డాక్టరు. జల్లెడమ్మ ఆయన కుడిచేతి గుప్పిట విప్పింది. ఊక రాలింది. పొడిగానే ఉంది.

ఆవిడ ఏడవలేదని చాలామంది చాలా అన్నారు. ఏడుపుకి ఖర్చుపెట్టేంత ఉప్పునీళ్ళు కూడా ఆవిడ దగ్గర మిగల్లేదు, అంతా కడుపులో మంటకే సరిపోయింది. ఆవిడకి కావలసింది ఒకటే. ఏ నలుగురి ముందు తన మొగుణ్ణి చేతకానివాడన్నాడో, ఆ నలుగురి ముందు, తన నోటితో తనే, ఆ కాళ్ళు పోయింది దాణా వల్లేనని మిల్లాయన ఒప్పుకోవాలి. ఆ మాట విన్నాక మరణం వచ్చినా పర్వాలేదు. వినకుండా మాత్రం రాకూడదు.

తోటికోడలు, అంటే మిల్లాయన భార్య, మంచి మనిషి. మంచితనం తప్ప ఇంట్లో ఆవిడకి ఇంకే అధికారమూ లేదు. ఆవిడే మొగుడితో చెప్పి జల్లెడమ్మకి మిల్లులో పని ఇప్పించింది. మిల్లాయన అడ్డు చెప్పలేదు సరికదా, అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పుకున్నాడు. "తమ్ముడి భార్య. వాడు చేతకాక పోయాడు. వీధిన పడెయ్యలేం కదా!"

"ఏ పని చేస్తావమ్మాయ్?" అన్నాడు.

బావగారి ముందు తలెత్తి మాట్లాడే అలవాటు ఆవిడకి లేదు. నేల చూస్తూనే చెప్పింది. "మినరల్ గదిలో వేసెయ్యండి."

అందరూ ఆశ్చర్యపోయారు. ఎవరూ కోరుకోని గది అది. కిటికీ కూడా తెరవని ఆ గదిలో గాలి విసిరినా పొడి లేస్తుంది, గొంతు పట్టేస్తుంది. దాణాలో మొక్కజొన్న, సోయా చెక్క బస్తాలకి బస్తాలు పడతాయి. జింకు, మాంగనీసు, రాగి, సెలీనియం, అయోడిను లాంటివి కలిపిన మినరల్ పొడి మాత్రం బస్తా దాణాకి గుప్పెడు కూడా పట్టదు. కానీ ఎముకకి పట్టు, నరానికి బిగువు, ఈకకి మెరుపు ఆ గుప్పెట్లోంచే రావాలి. ఆ కాస్తనీ తిన్నగా మిక్సర్లో పారేస్తే ఏదో మూల పేరుకుపోతుంది. ఒక బస్తాలోకి ఏమీ రాదు, ఇంకో బస్తాలోకి విషమంత వస్తుంది. అందుకని ముందు చిన్న బేసిన్లో తవుడుతో కలిపి జల్లించాలి, దాన్ని పెద్ద తొట్టిలో ఇంకాస్త తవుడుతో కలిపి మళ్ళీ జల్లించాలి, అప్పుడు మిక్సర్‌కి పంపాలి. విసుగు పుట్టే పని. జల్లెడమ్మకి విసుగు పుట్టలేదు. కాచుక్కూర్చునే మనిషికి చేతులకి పని ఉండటం మంచిదే.

అసలు సంగతి ఆవిడకి చెప్పింది తూకం మనిషి. చెప్పాలని చెప్పలేదు, నోరు జారాడు. ముక్కుకి గుడ్డ కట్టుకుని పొడి తూస్తూ, "ఇప్పుడు నయం అమ్మా, పొడి అంటే పొడే. ఆ మధ్య ఓ రెండు నెలలు పేరుకే మినరలు. ఎక్కడో చవగ్గా తెచ్చారు, ముప్పాతిక వంతు సుద్దే. కాళ్ళు పోయాయని తలా ఓ మాట అనేసరికి మళ్ళీ పాతది తెప్పించారు," అన్నాడు. అని, ఎవరితో అంటున్నాడో గుర్తొచ్చి, నాలిక కరుచుకున్నాడు. "అమ్మా… నేను అన్నట్టు…"

"ఏమన్నావు నువ్వు? మిషను గోలలో నాకేం వినబళ్ళేదు," అంది జల్లెడమ్మ, జల్లెడ ఆడిస్తూనే.

ఆ రోజు ఇంటికి వెళ్ళి మొగుడి చొక్కా తీసింది. అరచెయ్యి తుడుచుకున్న చోట వేళ్ళ గుర్తులు మసకగా ఇంకా ఉన్నాయి. ఆ చొక్కా ఆవిడ ఉతకలేదు.

నిలదీస్తే? ఏం చూపించి నిలదీస్తుంది? ఆ దాణా ఏనాడో కోళ్ళ కడుపుల్లోకి పోయింది. ఆ కోళ్ళు గోతిలోకి పోయాయి. తూకం మనిషి తన పని పోగొట్టుకుని సాక్ష్యం చెప్పడు, చెప్పమనడం న్యాయమూ కాదు. అలా ఆవిడ జల్లిస్తూ కూర్చుంది. పొడితోపాటు ఉపాయాన్ని కూడా.

మిల్లు వెనకాల మిల్లాయనకి సొంత షెడ్డు ఒకటుండేది. దాన్ని అందరూ చూపుడు షెడ్డు అనేవారు. కొత్తగా కోళ్ళు పెంచుతామని వచ్చినవాళ్ళకీ, పక్క మిల్లు వైపు చూసే పాతవాళ్ళకీ దాన్నే చూపించేవాడు. పెరిగిన కోడిని రెండు చేతులా ఎత్తి, "నా దాణా తిన్న కోడి! కాళ్ళు చూడండి, స్తంభాలు!" అనేవాడు. దాన్ని కనిపెట్టుకుని ఉండేది ఒక ముసలాయన. చిన్నపిల్లలకి వెచ్చదనం ఇచ్చే దీపాల కింద చెయ్యి పెట్టి చూసి, ఎత్తాలో దించాలో చెప్పేవాడు, అందుకని దీపాల తాత. ఆ షెడ్డు దాణా కలిపేది వేరే చిన్న మిక్సర్లో. దానికి మినరల్ పంపేదీ జల్లెడమ్మే.

అప్పుడు తట్టింది ఆవిడకి. అదే రోగం ఆయన షెడ్డుకే తెప్పిస్తే? ఊక తడి అందామంటే తన షెడ్డు. దాణా తేడా అందామంటే తన మిల్లు. ఏదన్నా తన నోరు తనకే శత్రువు. నలుగురి ముందు నోరు పెగలక నిలబడ్డ మనిషిని ఒక్కసారి చూడాలి.

కొత్త పిల్లలు చూపుడు షెడ్డులోకి దిగిన రోజు నించీ, దాని వంతు మినరల్ తూచి, తన సంచిలో పోసి, మూటల వెనక దాచింది. దాని బదులు అంతే తూకం సుద్ద తీసుకుంది. బేసిన్లో తవుడుతో కలిపింది, జల్లించింది, పెద్ద తొట్టిలో మళ్ళీ కలిపి మళ్ళీ జల్లించింది. ఏ బస్తాలోనూ ఎక్కువా తక్కువా కాకుండా, అంత శ్రద్ధగా సుద్దని లోకంలో ఎవరూ కలిపి ఉండరు. చేతులు ఆడుతుంటే లోపల ఒకటే మాట తిరిగేది. తిను బావగారూ, తిను. మా ఇంటి కూడు మీ ఇంట్లో ఎలా ఉంటుందో రుచి చూడు.

పిల్లల సంగతి గుర్తుకు రాకుండా ఉంటుందా? కోళ్ళు పెంచినవాడి పెళ్ళాం ఆవిడ. కాళ్ళు జారిన పిల్ల తొట్టి వైపు మెడ ఎలా చాస్తుందో ఆవిడకి తెలుసు. అందుకే ఆ షెడ్డు వైపు వెళ్ళడం మానేసింది. మొగుడు చూస్తే ఏమంటాడో అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా, "ఆ మెతకదనమే కదా మిమ్మల్ని మింగింది," అని గట్టిగానే జవాబు చెప్పేది. తూకం మనిషి ఉలిక్కిపడి, "నన్నేమన్నా అన్నావా అమ్మా?" అనేవాడు.

కొన్ని వారాలకి దీపాల తాత మినరల్ గది గుమ్మంలోకి వచ్చాడు.

"తల్లీ, ఓ మాట. పిల్లలు కొన్ని మోకాళ్ళ మీద కూలబడుతున్నాయి. నువ్వు చూసినదానివి కదా, ఒక్కసారి వచ్చి చూడవూ?"

ఎదురుచూసిన కబురు. ఆకలిగొన్నవాడి ముందు విస్తరి పరిచినట్టయింది ఆవిడకి. పైకి మాత్రం జల్లెడ ఆపలేదు.

"ఊక తడిసిందేమో చూసుకో తాతా."

ఆ మాట ఎందుకు నోట్లోంచి వచ్చిందో ఆవిడకీ తెలీదు. మిల్లాయన మాటే అది, అచ్చం అదే విసురుతో. తాత మాత్రం నిజమనుకున్నాడు. ఆ రోజు నించీ షెడ్డులో ఊక ఉదయం ఓసారి, సాయంత్రం ఓసారి తిరగేశాడు. నీళ్ళ గొట్టాల కింద బోర్లా పడుకుని చుక్క కారుతోందేమోనని వెతికాడు. ముందే వంగిన నడుం, ఇంకాస్త వంగింది. మిల్లు నించి ఇంటికి పోతూ జల్లెడమ్మ ఆ షెడ్డు వలలోంచి ఒకసారి చూసింది. ముసలాయన గుప్పెడు ఊక తీసి పిండుతున్నాడు, విప్పుతున్నాడు, మళ్ళీ తీస్తున్నాడు. చెంప మీద ఎవరో కొట్టినట్టు ఆవిడ తల తిప్పేసుకుంది. అయినా మర్నాడు సుద్దే కలిపింది.

పై వారం మీసాలాయనా, మిగతా కోళ్ళు పెంచేవాళ్ళూ షెడ్డు చూడ్డానికి రావాలి. అప్పటికి మిల్లాయనకీ కాళ్ళ సంగతి తెలిసింది. సరాసరి మినరల్ గదిలోకి వచ్చాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. ఆ తిరిగిన కాళ్ళని చూడగానే ఆయనకి ఏం గుర్తొచ్చి ఉంటుందో ఆవిడకి తెలుసు. డబ్బా మూత తీశాడు, పొడి వేళ్ళ మధ్య నలిపాడు, వాసన చూశాడు. మంచి సరుకే.

"అమ్మాయ్, మా షెడ్డుకి కూడా దీంట్లోంచే కదా?"

"తూకం ప్రకారమే వెళ్తోంది బావగారూ," అంది నేల చూస్తూ. అబద్ధం కాదు కూడా.

"మరి ఏమై ఉంటుంది?"

"నాకేం తెలుస్తుంది? మీరు పెద్దవాళ్ళు."

ఆయన బస్తా మీద కూర్చోబోయి, మానేసి వెళ్ళిపోయాడు. మొగుడు పోయాక జల్లెడమ్మ కడుపునిండా తిన్నది ఆ రోజే.

వాళ్ళు వచ్చే రోజు పొద్దున్నే మిల్లాయన తాతతో బాగా పాడైన కోళ్ళని ఏరించి వెనక గదిలో పెట్టించాడు. అయినా దాచేందుకు వీలుకానన్ని మిగిలాయి. జల్లెడమ్మ చేతులు కడుక్కుని, మొగుడు పోయాక మొదటిసారి తల నున్నగా దువ్వుకుని, దాచిన సంచి చంకలో పెట్టుకుని వచ్చి షెడ్డు గుమ్మం పక్కన నిలబడింది. సంచి ఎందుకు తెచ్చిందంటే, వదిలి రావడానికి మనసొప్పలేదు. అంతకు మించి ఆవిడ ఏమీ అనుకోలేదు. చూడ్డానికి వచ్చింది, అంతే. నోరు పెగలని ఆ ముఖాన్ని తృప్తిగా చూసి ఇంటికి పోదామని.

వచ్చినవాళ్ళలో మీసాలాయన ముందున్నాడు. లోపలికి నాలుగడుగులు వేసి ఆగాడు.

"ఏంటండీ, ఈ కాళ్ళు?"

మిల్లాయన నవ్వబోయాడు, నవ్వు రాలేదు. అటూ ఇటూ చూశాడు. ఇదే, ఇదే జల్లెడమ్మకి కావలసిన క్షణం. ఇక చెప్పు బావగారూ. ఊకా, దాణానా?

మిల్లాయన బూటు కాలితో ఊకని గీకాడు.

"ఏం చెప్పమంటారు! ఈ ముసలాడికి కళ్ళు కనబడవు, చెప్తే వినబడదు. ఊక తడిపేసి నా కోళ్ళని చంపాడు. వయసు చూసి జాలిపడి ఉంచుకున్నందుకు నాకీ శాస్తి. రేపట్నించి రావద్దన్నాను కూడా."

అంతకుముందు అనలేదు. అప్పుడే అన్నాడు. తాతకి ఆ సంగతి అక్కడే తెలిసింది.

"తడి లేదయ్యా," అన్నాడు తాత. ఆ వంగిన నడుం ఇంకా వంచి, గుప్పెడు ఊక తీసి, పిండి, మిల్లాయన ముఖం ముందు తెరిచాడు. ఊక జలజలా రాలిపోయింది.

మిల్లాయన కప్పు వైపు చూశాడు. మీసాలాయన చెయ్యి మీసం మీదికి వెళ్ళింది.

ఆ ముసలి అరచెయ్యి ఖాళీగా అలాగే ఉంది, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక. తను కలిపిన సుద్ద ఎవరి నోట్లోకి పోయిందో అప్పుడు కనబడింది జల్లెడమ్మకి. మిల్లాయన నోరు మూయిద్దామని తను పన్నిన వలలోంచి ఆయన ఎంత తేలిగ్గా బయటికి నడిచాడు! కాలు మోపడానికి ఇంకొకడి నడుం ఉంటే చాలు, ఆయన ఎక్కణ్ణించైనా నడిచిపోగలడు.

ఆవిడ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. బావగారి ముఖంలోకి సూటిగా చూసింది. అలా చూడడం అదే మొదలు.

"తాతని అనకండి. ఊక కాదు."

"నువ్వెందుకొచ్చావమ్మాయ్ ఇక్కడికి? పని చూసుకో పో."

"నా పని సంగతే చెప్పడానికొచ్చాను. మీ షెడ్డు దాణాలో నేను మినరల్ వెయ్యలేదు. మొదట్నించీ సుద్దే కలిపాను. మీదంతా ఇందులో ఉంది, రవ్వంత కూడా తగ్గలేదు, తూయించుకోండి." చంకలోని సంచి తీసి ఆయన బూట్ల ముందు పెట్టింది.

ఒక్క క్షణం ఆయనకి అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒంటికాలి మీద లేచాడు.

"నీకు మతి పోయిందా! మినరల్ లేకుండా దాణా పెడితే కోడికి కాళ్ళు నిలుస్తాయా! ఊక ఎంత పొడిగా ఉంటే ఏం లాభం! పరుపులు పరిచి పడుకోబెట్టినా, సుద్ద తిన్న కోడికి నరం జారక చస్తుందా! కాళ్ళు పోవడానికే పెట్టావు నువ్వు! కాళ్ళు పోవడానికే!"

షెడ్డంతా మారుమోగింది. కోళ్ళు బెదిరి మూలకి పాకబోయి, పాకలేక అక్కడక్కడే కొట్టుకున్నాయి.

జల్లెడమ్మ ముఖం ప్రశాంతంగా ఉంది. "ఇంకొక్కసారి చెప్పండి బావగారూ. మీసాలాయనకి సరిగ్గా వినబడినట్టు లేదు."

మిల్లాయన నోరు తెరిచి ఉంది, మాట రాలేదు. ఏమన్నాడో ఆయనకి అప్పుడు వినబడింది. చుట్టూ చూశాడు. ఆ రోజు ఈలాయన షెడ్డులో నిలబడ్డ ముఖాలే. ఒక్కో ముఖం ఆ తిరిగిన కాళ్ళ వైపు చూస్తోంది, తాత కాళ్ళ దగ్గర రాలిన ఊక వైపు చూస్తోంది, మళ్ళీ ఆయన వైపు చూస్తోంది.

మీసాలాయన మీసం మీంచి చెయ్యి తీశాడు. "వినబడిందమ్మా," అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "ఆ వేళ… మీ ఇంటాయన చేతిలోంచి కూడా ఊక ఇలాగే రాలింది. నేను చూశాను. అందరం చూశాం."

"చూశారని నాకు తెలుసు," అంది ఆవిడ. "అందుకే మీరంతా వచ్చే రోజు దాకా ఆగాను."

ఒక్క మాటతో అందరికీ వాతలు పెట్టి ఆవిడ బయటికి నడిచింది.

మిల్లులో పని ఆ పూటే పోయింది. పోలీసులదాకా వెళ్తానని మిల్లాయన కేకలేశాడు గానీ వెళ్ళలేదు. వెళ్తే అక్కడ కూడా ఆ మాటే చెప్పాలి కదా. మిల్లు మూతపడలేదు, అలాంటివి మూతపడవు. కానీ ఆ తర్వాత దాణా తీసుకునేవాళ్ళు మినరల్ కలిపేటప్పుడు తామూ దగ్గర నిలబడతామన్నారు. ఆయన కాదనలేకపోయాడు.

దీపాల తాత మాత్రం ఆవిడతో చాలా రోజులు మాట్లాడలేదు. మీసాలాయన తన కోడిపిల్లల్లో కొన్ని సర్దితే ఆవిడ మొగుడి షెడ్డు మళ్ళీ తెరిచింది. దీపాలు చూసిపెట్టమని తాతని అడగడానికి వెళ్ళింది. ముసలాయన మంచం మీంచి లేవలేదు.

"నా నడుం విరిగేలా ఊక తిరగేయించావు. నోరులేని వాటి కాళ్ళు విరిచావు. నువ్వూ ఆయనా ఒకటే తల్లీ."

"అవును తాతా."

"చివర్లో నోరు విప్పావు కాబట్టి, తిట్టడానికైనా నువ్వు మిగిలావు నాకు." మంచం మీద లేచి కూర్చుని, "దీపాలు ఎంత ఎత్తులో కట్టావు?" అన్నాడు.

"నడుం దాకా."

"పిల్లలు చలికి చస్తాయి. పద," అంటూ చెప్పుల కోసం కాలితో వెతికాడు.

ఆవిడ దాణా తనే కలుపుకునేది. బేసిన్, తొట్టి, జల్లెడ, తవుడు. తర్వాత తర్వాత చుట్టుపక్కలవాళ్ళూ తమ మినరల్ పొడి తెచ్చి ఆవిడ చేతే కలిపించుకుని వెళ్ళేవారు. సుద్ద కలిపిన చెయ్యి అని తెలిసి కూడా. అంత శ్రద్ధగా సుద్ద కలిపిన చెయ్యి మినరల్ ఇంకెంత బాగా కలుపుతుందో అనుకునేవారేమో. షెడ్డులోకి పోయేటప్పుడు గుమ్మంలో ఆగి, ఈల రాదు కాబట్టి, గాజులు చప్పుడు చేసేది.

షెడ్డులో ఒక మూల మాత్రం పిల్లల్ని పోనివ్వకుండా వల కట్టింది. ఈలాయన ఆనుకుని పోయిన మూల అది. అక్కడ ఊక పరిచి, రోజూ తిరగేసేది.

ఏడాది తిరిగాక తోటికోడలు వచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ, "ఆయన లోపల లోపలే కుమిలిపోతున్నాడే. నలుగురూ విన్నారు, నీ పంతం నెగ్గింది. ఇంకా ఎందుకు? రాకపోకలు సాగనీ," అంది.

"రమ్మను అక్కా. వద్దనలేదే? వచ్చి ఆ మూల కూర్చుని, గుప్పెడు ఊక తీసి పిండమను. ముద్ద కట్టిందో రాలిందో చూసి చెప్పమను. ఆ మాట కోపంలో కాదు, చల్లగా చెప్పమను. అప్పుడు అన్నం వడ్డిస్తాను."

తోటికోడలు వల ఎత్తి, తనే మూల దగ్గరికి వెళ్ళి వంగబోయింది.

జల్లెడమ్మ ఆవిడ మణికట్టు పట్టుకుని మెల్లగా లేవనెత్తింది. "నీ చెయ్యి కాదక్కా. ఆయన చెయ్యి కావాలి నాకు."

ఆయన రాలేదు. ఆవిడా అడగలేదు. కోళ్ళు వచ్చాయి, పెరిగాయి, పోయాయి, తాత పోయాడు, మీసాలాయన మీసం తెల్లబడింది. ఆ మూల ఊక మాత్రం పాతబడగానే తీసి కొత్తది పరిచేది. వానాకాలంలో ఇంటి కప్పు కారుతున్నా సరే, ముందు వెళ్ళి ఆ మూల తడిసిందేమో చూసుకునేది. ఎప్పుడు వచ్చి చెయ్యి పెట్టినా పొడిగా ఉండాలని.